చదివి వినిపించడమైనది

2031 జూన్ 9, సోమవారం, ఉదయం 10.40. గుండ్లవంకలోని పాత సాక్ష్యాల ప్రయోగశాలకు కట్టా సువార్తమ్మ రెండు వందల పదిహేడు షార్ట్‌హ్యాండ్ పుస్తకాలు అప్పగించింది. ఆమె దగ్గర ఉన్నవి రెండు వందల పద్దెనిమిది.

ఆ సంగతి ఆ గదిలో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. రసీదు మీద సంతకం చేసేముందు ఆమె అంకెను రెండుసార్లు చూసింది.

"సరిపోయినయ్యామ్మా?" అని అడిగింది కూతురు కెజియా.

"సరిపోయినయ్యిలే."

సువార్తమ్మకు అరవై ఆరేళ్లు. గుండ్లవంక సెషన్స్ కోర్టులో ముప్పై ఏళ్లు స్టెనోగా చేసి రిటైరైంది. కోర్టులోకి కంప్యూటర్లు రాకముందు పదకొండేళ్లు పెన్సిల్‌తో రాసిన పుస్తకాలు ఇవి. ఏ జడ్జి ఎప్పుడు ఏ పాత మాట అడుగుతాడోనని స్టెనోలు నిండిన పుస్తకాలను పారేయరు. ఇంటికి తెచ్చి పెట్టెల్లో వేసుకుంటారు. ఆమె మూడు ట్రంకు పెట్టెలు నింపింది. పుస్తకాలకు అంకెలు వెయ్యలేదు. అట్ట మీద ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అని మాత్రం రాసింది.

కెజియా ఆ ప్రయోగశాలలో టెక్నీషియన్. ఒక పుస్తకం తెరిచి, పేజీని బల్లంత యంత్రం కింద పెట్టింది. దాని అసలు పేరు పొడుగ్గా ఉంటుంది. అక్కడివాళ్లు చెవి అంటారు.

"నువ్వు రాసేటప్పుడు గదిలో ఎవరు మాట్లాడినా పెన్సిల్ ముల్లు అదురుద్దమ్మా. కంటికి కనపడదు. ఆ అదురు గీత అంచులో ఉండిపోయిద్ది. ఇది ఆ అంచును చదివి మళ్లీ మాట చేసిద్ది."

"పెన్సిల్ పైకి లేస్తే?"

"అప్పుడు ఏమీ ఉండదు. కాగితం మీద ఉన్నంతసేపే."

సువార్తమ్మ తలాడించింది. ఆ ప్రశ్న ఎందుకు అడిగిందో కూతురు అడగలేదు.

ప్రయోగశాల కష్టం కూడా అక్కడే ఉంది. కోర్టులో సాక్షి తెలుగులో చెబుతాడు. జడ్జి అది విని ఇంగ్లీషులో స్టెనోకు చెబుతాడు. స్టెనో పెన్సిల్ జడ్జి మాట్లాడినప్పుడే కదులుతుంది. సాక్షి మాట్లాడినంతసేపూ అది గాల్లో ఉంటుంది. మూడేళ్లలో పద్నాలుగు మంది స్టెనోల పుస్తకాలు విన్నారు. అన్నిటిలోనూ వినపడింది జడ్జి గొంతే. ఆ మాటలు ఫైళ్లలో ముందే ఉన్నాయి. దసరాలోగా ఫలితం లేకపోతే ప్రయోగశాల మూసేస్తామని ప్రభుత్వం ఉత్తరం రాసింది. దాన్ని నడిపే డాక్టర్ ముక్తేశ్వరరావు ఆ ఉత్తరాన్ని బీరువా తలుపుకు అంటించుకున్నారు.

కెజియా పేజీ మీదికి వంగింది. మార్జిన్‌లో పై నుంచి కిందికి ఉంగరాలు ఉన్నాయి, ఒకదానిలోంచి ఒకటి, తెగకుండా. అవతలి పేజీలోనూ ఉన్నాయి.

"ఇయ్యేంటమ్మా?"

"అయ్యా? గొలుసు కుట్టు. హాస్టల్లో క్రోషే నేర్చుకున్నప్పటి అలవాటు. సాక్షి చెప్పేటప్పుడు చెయ్యి ఊరికే ఉండదు గదా."

కెజియా యంత్రాన్ని గీతల మీది నుంచి మార్జిన్‌కు జరిపింది. స్పీకర్‌లో ఫ్యాను చప్పుడు వచ్చింది. కాకి అరిచింది. తర్వాత ఒక మగ గొంతు.

"నేను పాలు పోసేవాణ్ణండి. ఆ రోజు నా బర్రె తప్పిపోయింది, అందుకే గుర్తుందండి. లేకపోతే తేదీలు నాకెందుకండి!"

ఎవరో నవ్వారు. జడ్జి గొంతు, "ముందు బర్రె సంగతి వదిలి చెప్పవయ్యా" అంది.

డాక్టర్ ముక్తేశ్వరరావు కుర్చీలోంచి లేచారు. ఆ ముక్కను నాలుగుసార్లు వేయించుకుని విన్నారు. తర్వాత సువార్తమ్మ ముందుకొచ్చి చేతులు జోడించారు.

"అమ్మా, ఇలాంటివి ఇంకా ఏమైనా ఉన్నాయా ఇంట్లో?"

"లేవండీ," అంది సువార్తమ్మ. "ఇంతే."

*

మిగిలిన పుస్తకం కుట్టుమిషను సొరుగులో, అరిగిపోయిన బెల్టు కింద ఉంది. తగలబెడదామని ఆమె దాన్ని రెండుసార్లు పెరట్లోకి తీసుకెళ్లింది. రెండుసార్లూ తిరిగి తెచ్చి అక్కడే పెట్టింది. అట్ట మీద తేదీలు 1999 ఆగస్టు 18 నుంచి సెప్టెంబరు 2.

ఆగస్టు 27 శుక్రవారం. జడ్జిగారికి బదిలీ అయింది. సాయంత్రం నాలుగున్నరకు బార్ అసోసియేషన్ హాల్లో వీడ్కోలు సభ పెట్టారు. దండలు తెప్పించే పని సువార్తమ్మకు అప్పజెప్పారు. ఆమె నీలం చీర కట్టుకుని వచ్చింది, గ్రూప్ ఫోటో ఉంటుందని. ఆ ఫోటో ఇప్పటికీ ఇంట్లో గోడకు ఉంది. రెండో వరసలో ఎడమ నుంచి మూడో మనిషి సువార్తమ్మ.

ఆ రోజు క్వారీ కేసు నడుస్తోంది. గ్రానైట్ క్వారీలో కూలీలు సమ్మె చేస్తుండగా మేస్త్రీ ఒకతను చచ్చిపోయాడు. కూలీల నాయకుడు ఈర్ల బాలకోటయ్య గడ్డపారతో కొట్టి చంపాడని కేసు. మధ్యాహ్నం మూడుంబావుకు నాలుగో సాక్షిని పిలిచారు. దూదేకుల మస్తాన్‌బీ, ముప్పై ఎనిమిదేళ్లు, రాళ్లు మోసే కూలీ.

జడ్జిగారి ముందు పోలీసుల ఫైలు తెరిచి ఉంది. పోలీసులు మస్తాన్‌బీ చెప్పినట్టుగా రాసుకున్న కాగితం అందులో ఉంది. ఆమె ఒకటి చెబుతుంటే, ఆయన కాగితంలో ఉన్నదాన్ని ఇంగ్లీషులో చెబుతూ పోయారు. వెళ్లేలోగా సాక్షులందరినీ ముగించాలని ఆయన తొందర. ముద్దాయి తరఫున ప్రభుత్వం పెట్టిన వకీలు హాల్లో కుర్చీలు సర్దిస్తున్నాడు. సువార్తమ్మ రెండూ విన్నది. రాసింది ఒకటే.

సాక్షి చెప్పినదాన్ని టైపు చేసి, చదివి వినిపించి, సాక్షి ఒప్పుకున్నాక సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. అది చట్టం. ఆ కోర్టులో ఆ చదివే పని స్టెనోది. ఆ రోజు టైపు చేయడానికి వేళ లేదు. తెల్ల కాగితం మీద వేలిముద్ర తీసుకుని సోమవారం టైపు చేసుకోవడం ఆ కోర్టులో కొత్త కాదు. మస్తాన్‌బీ వేలిముద్ర తెల్ల కాగితం మీదే తీసుకున్నారు. సోమవారం సువార్తమ్మ దాని పైన ఒకటిన్నర పేజీ టైపు చేసింది. చివర ఎప్పుడూ రాసే వాక్యం రాసింది. చదివి వినిపించడమైనది, సరి అని ఒప్పుకొన్నది.

బాలకోటయ్యకు యావజ్జీవం పడింది. పద్నాలుగేళ్లు జైల్లో ఉండి వచ్చాడు. 2019లో చనిపోయాడు. తీర్పులో నాలుగో సాక్షి పేరు పదకొండు చోట్ల ఉంది.

*

జూలై రెండో వారానికి రెండు కేసులు తేలాయి. ఒకటి పాలాయన కేసు. రెండోది పాత ఎమ్మెల్యే ఒకాయనది. ఆయన ఇప్పుడు అధికార పార్టీలో ఉన్నాడు. సువార్తమ్మ మార్జిన్‌లో దొరికిన సాక్షి మాటల ఆధారంగా ఆయన శిక్షను కొట్టేశారు. ఊరేగింపు తీశారు. ఆయన కేసే ముందు ఎందుకు విన్నారని ప్రతిపక్షం అడిగింది. చట్టప్రకారం శిక్ష పడినవాడో, వాడి వారసులో, ప్రభుత్వమో అడిగితే వింటామని న్యాయ శాఖ మంత్రి చెప్పారు. సాక్షి అడగవచ్చా అని ఒక విలేకరి అడిగాడు. చట్టంలో ఆ వీలు లేదని మంత్రి చెప్పారు.

ఆగస్టు 15న కలెక్టరు చేతుల మీదుగా సువార్తమ్మకు ప్రశంసాపత్రం ఇస్తారని పేపర్లలో వచ్చింది.

జూలై 20 ఆదివారం. చర్చిలో పాస్టరుగారు ఆ పేపరు చేత్తో పట్టుకుని చూపించారు.

"మన సంఘంలో ఇంత పెద్ద పనిమంతురాలు ఉందని మనకే తెలవదు. ముప్పై రెండేళ్ల కిందటి మాటలు ఆమె పెన్సిల్లో ఉన్నయ్యి. నేను మైకులో చెప్పినయ్యి మీకు ఇంటికి పోయేదాకా గూడా గుర్తుండవు."

జనం నవ్వారు.

"సువార్తమ్మగారూ, లేచి సాక్ష్యం చెప్పండి."

ప్రతి ఆదివారం ఎవరో ఒకరు లేచి, దేవుడు తమకు చేసిన మేలు చెబుతారు. దాన్ని సాక్ష్యం అంటారు. సువార్తమ్మ ఆ చర్చిలో ఎన్నోసార్లు చెప్పింది. ఆ రోజు లేచి నిలబడింది. ముందు వరసలో ఆడవాళ్లు వెనక్కి తిరిగి చూస్తున్నారు.

"నా కోసం ప్రార్థన చెయ్యండి," అని కూర్చుంది.

వినయం అనుకున్నారు. బయటికొచ్చాక ఇద్దరు ఆమె చేతులు కళ్లకద్దుకున్నారు.

*

జూలై 24 గురువారం పొద్దున పదకొండు గంటలకు ఒక ముసలామె గేటు దగ్గర నిలబడి పిలిచింది. సువార్తమ్మ బట్టలు ఆరేస్తోంది.

"కోర్టులో రాసే అమ్మగారిల్లు ఇదేనా?"

"ఎవరమ్మా?"

"నా పేరు మస్తాన్‌బీ. క్వారీ కాలనీ నుంచి వచ్చా."

సువార్తమ్మ చేతిలో తడి దుప్పటి ఉంది. దాన్ని తాడు మీద వేసి, అంచులు సర్ది, మళ్లీ సర్దింది. లోపలికి రమ్మంది. మస్తాన్‌బీ చెప్పులు గేటు బయటే విడిచి వచ్చి వరండా మెట్టు మీద కూర్చుంది. కుర్చీ చూపిస్తే వద్దంది.

"మీ పుస్తకాల్లో సాక్షులు చెప్పినయ్యన్నీ ఉంటన్నయ్యంట గదమ్మా. టీవీలో చెప్పారు. బర్రె తప్పిపోయినాయన మాట గూడా వినపడిందంట."

"అవును."

"మరి నా మాట గూడా ఉండిద్దా?"

సువార్తమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంది.

"నేను చూశానని చెప్పలేదమ్మా. కొట్టింది నేను చూళ్లేదనే చెప్పా. కోర్టు కాగితంలో చూశానని ఉందంట. నా ఏలిముద్ర ఉందంట. వకీలు తీసుకొచ్చి కాలనీలో చదివాడు. ఆ రోజు నుంచి బాలకోటయ్య పెళ్లాం నాగేంద్రం నాతో మాట్లాడదు. మా ఇంటికి మూడిళ్ల అవతలే ఆమిల్లు. కాలనీలో ఏ పెళ్లికీ నన్ను పిలవరు. మా ఆయన పోతే మోసేదానికి మా అన్నోళ్లు ఒంగోలు నుంచి రావాల్సొచ్చింది. యజమాని కాడ లంచం తిని చెప్పిందన్నారు. తింటే ఇట్టా ఉంటానా? చూడు నా ఇల్లు వచ్చి."

ఆమె గొంతు పెంచలేదు. చాలాసార్లు చెప్పిన మాటలు చెప్పినట్టు చెప్పింది.

"మొన్న ఆఫీసుకు పోతే సాక్షి అడగగూడదన్నారు. నాగేంద్రం అడిగితే వింటారంట. ఆమె అడగదు. దాని గొంతు మళ్లీ నా చెవిన పడగూడదు అందంట. అందుకని నీ కాడికొచ్చా. నువ్వు రాసినదానివి గదా. నీకు తెలుసు గదా."

"ఆ పుస్తకం లేదమ్మా," అంది సువార్తమ్మ.

"లేదా?"

"కొన్ని పోయినయ్యి. చెదలు పట్టినయ్యి."

మస్తాన్‌బీ కాసేపు ఆమె ముఖం వంక చూసింది. గుర్తుపట్టిందో లేదో సువార్తమ్మకు తెలియలేదు. ముసలామె మోకాళ్ల మీద చేతులు వేసి లేచింది.

"సర్లే. అదృష్టం లేంది," అంది. గేటు దగ్గర చెప్పులేసుకుంటూ, "ఆ దుప్పటి ఇంకో మడత విప్పు, లోపల ఆరదు" అని చెప్పి వెళ్లింది.

*

ఆగస్టు 4 సోమవారం సాయంత్రం కెజియా ఇంటికొచ్చి చేతులు కడుక్కోకుండానే వంటింట్లోకి వచ్చింది. చేతిలో ఒక జాబితా ఉంది.

"అమ్మా, 1999 ఆగస్టులో సెలవు పెట్టావా?"

సువార్తమ్మ వంకాయలు కోస్తోంది.

"ఒక పుస్తకం ఆగస్టు 17తో అయిపోయింది. తర్వాత పుస్తకం సెప్టెంబరు 3న మొదలైంది. మధ్యలో పదహారు రోజులు లేవు. కోర్టు డైరీ చూశా. కోర్టు నడిచింది. నువ్వు ప్రతి పనిదినం సంతకం పెట్టావు."

"చెదలు పట్టి ఉంటది."

"మిగతా రెండు వందల పదిహేడుకు పట్టలేదు."

కత్తిపీట మీద సువార్తమ్మ చెయ్యి ఆగింది. కెజియా జాబితాను గట్టు మీద పెట్టింది.

"మొన్న ఒక ముసలామె ఆఫీసుకొచ్చి వరండాలో రెండు రోజులు కూర్చుంది. నేనే చెప్పి పంపించా, సాక్షి అడగగూడదని. మంచినీళ్లు ఇచ్చి మరీ చెప్పా. ఆమె కేసు తేదీ ఆగస్టు 27."

"కెజియా..."

"ఉందా, లేదా? అదొక్కటి చెప్పు."

"ఉంది."

కెజియా గట్టు మీది జాబితా తీసి మడిచింది. తర్వాత, "శుక్రవారం దాకా ఎవరికీ చెప్పను. నువ్వే తీసుకొచ్చి ఇవ్వు" అంది. ఆ రాత్రి ఆమె వేరేగా వడ్డించుకుని ముందు గదిలో కూర్చుని తిన్నది. తర్వాతి మూడు రోజులూ అంతే.

*

ఆగస్టు 8, శుక్రవారం, ఉదయం 10.15. సువార్తమ్మ పుస్తకాన్ని డాక్టర్ ముక్తేశ్వరరావు బల్ల మీద పెట్టింది. దాచానని చెప్పింది. ఆయన రసీదు రాశారు. కారణం అనే గడి దగ్గర పెన్ను ఆపి, ఖాళీగా వదిలేశారు.

చెవిని కెజియాయే నడిపింది. ముందు మార్జిన్ విన్నారు.

"నేను ట్యాంకరు కాడ బిందె పట్టుకోని నిలబడున్నా సారూ. కొట్టింది నేను చూళ్లేదు. కేకలిని పోయేతలికి మేస్త్రీ కింద పడున్నాడు. చుట్టూ యాభై మంది ఉన్నారు. బాలకోటయ్య ఉన్నాడా అంటే ఉన్నాడు. ఆయన చేతిలో ఏం లేదు."

తర్వాత అదే పేజీలో గీతలు విన్నారు. జడ్జిగారి గొంతు ఇంగ్లీషులో చెబుతోంది. ముద్దాయి గడ్డపారతో మృతుడి తల మీద కొట్టడం నేను నా కళ్లతో చూశాను. ఆయన గొంతు వెనక మస్తాన్‌బీ గొంతు ఇంకా వినపడుతోంది. బిందె, నీళ్లు అన్న మాటలు తెలుస్తున్నాయి.

పేజీ కింద మార్జిన్‌లో పదిహేడు ఉంగరాలు మిగిలాయి. కెజియా తల్లి వైపు చూసింది. సువార్తమ్మ కుర్చీ చేతిని పట్టుకుని ఉంది.

"వెయ్యి," అంది.

స్టాంపు ప్యాడు మూత తీసిన చప్పుడు. బంట్రోతు గొంతు, "ఎడమ చెయ్యి, ఎడమ చెయ్యి." ఆ తర్వాత మస్తాన్‌బీ.

"ఇదేంది, కాగితంలో ఏమీ లేదు? ఏం రాశారో ఒకసారి చదవమ్మా."

దానికి జవాబు చెప్పిన గొంతు ముప్పై నాలుగేళ్ల మనిషిది. కెజియాకు ఇప్పుడున్న వయసు కంటే నాలుగేళ్లు ఎక్కువ.

"అన్నీ నువ్వు చెప్పినయ్యేలే. తొందరగా వెయ్యి. అవతల దండలు వాడిపోతన్నయ్యి."

బంట్రోతు నవ్వాడు. ఆ ముప్పై నాలుగేళ్ల గొంతు కూడా నవ్వింది. ఉంగరాలు అక్కడితో అయిపోయాయి.

దండలు వాడిపోతున్నాయన్న తన మాటను సువార్తమ్మ మర్చిపోయింది. మస్తాన్‌బీ చూళ్లేదన్నది గుర్తుంది, చదవమన్నది గుర్తుంది, తాను చదవనన్నది గుర్తుంది. ఏం అని చదవనన్నదో గుర్తులేదు. వేళ లేదని అన్నానేమో అనుకుంటూ వచ్చింది. నవ్వానని అనుకోలేదు.

కెజియా యంత్రం ఆపి, చేతి తొడుగులు విప్పి, బల్ల మీద పక్కపక్కన పెట్టింది. ఒక పుస్తకం తక్కువని తెలిసి నాలుగు రోజులు పైవాళ్లకు చెప్పనందుకు ఆగస్టు 12న ఆమెను సస్పెండ్ చేశారు. ఉత్తరం ఇంటికొచ్చింది. సువార్తమ్మే సంతకం పెట్టి తీసుకుంది.

ఆగస్టు 15న కలెక్టరు ప్రశంసాపత్రాల జాబితాలో సువార్తమ్మ పేరు చదవలేదు.

*

ఆ పుస్తకం సంగతి పేపర్లకెక్కాక ప్రభుత్వం వేసిన విచారణ కమిషన్ సెప్టెంబరు 18న సువార్తమ్మను పిలిచింది. రెండు రోజుల ముందు న్యాయ శాఖ నుంచి ఒక అధికారి ఇంటికొచ్చాడు. టీ తాగాడు. గోడ మీది ఫోటో చూశాడు.

"మేడం, మస్తాన్‌బీ సంగతి మీరు చెప్పాలి. తప్పదు. మేమూ కాదనం. కానీ ఆ ఒక్కటే చెప్పండి. మిగతా వాటి జోలికి పోవద్దు."

"మిగతా వాళ్లకు గూడా చదవలేదండీ."

"అదే అంటున్నాను. అడిగితేనే గదా చెప్పాల్సింది. ఏడు నెలల్లో ఎన్నికలున్నాయి. మొన్న శిక్ష కొట్టేసిన ఎమ్మెల్యేగారు మళ్లీ నామినేషన్ వేస్తానంటున్నారు. ఇప్పుడు పుస్తకాలన్నీ తప్పే అంటే ఆయన పరిస్థితేంటి, ప్రభుత్వం పరిస్థితేంటి? మీ పెన్షన్ సంగతి, మీ అమ్మాయి ఉద్యోగం సంగతి కూడా ఆలోచించుకోండి. పెద్దవారు, నేను చెప్పాలా?"

కెజియా లోపలి గదిలోంచి వచ్చి ఖాళీ కప్పు తీసుకుంది.

"నా ఉద్యోగం సంగతి నేను చూసుకుంటానండీ," అంది. ఆ నెలలో తల్లి వైపు నిలబడి ఆమె అన్న మొదటి మాట అది. సువార్తమ్మ తల ఎత్తలేదు.

చదివి వినిపించిన సాక్షుల పేర్ల పక్కన సువార్తమ్మ పుస్తకంలో చిన్న చుక్క పెట్టేది. ఆ చుక్కలు ఆమెకు తప్ప ఎవరికీ తెలియవు. ప్రయోగశాల తీసి, కమిషన్ ద్వారా పంపిన నకళ్ల మీద తల్లీకూతుళ్లు రెండు రోజులు కూర్చుని ఆ చుక్కలను లెక్కపెట్టారు.

18వ తేదీ మధ్యాహ్నం రెండు గంటలకు ఆమె వాంగ్మూలం మొదలైంది. కమిషనర్ ఒక రిటైర్డు జడ్జి. ఆమె తెలుగులో చెబితే గుమాస్తా తెలుగులోనే టైపు చేశాడు. రెండు వందల పద్దెనిమిది పుస్తకాల్లో పంతొమ్మిది వందల ఆరుగురు సాక్షులు ఉన్నారని, అందులో మూడు వందల పదకొండు మందికే తాను చదివి వినిపించానని చెప్పింది. మిగతా వాళ్ల కాగితాల చివర కూడా అదే వాక్యం తానే టైపు చేశానని చెప్పింది. ఎందుకు అని కమిషనర్ అడిగారు.

"ఆలస్యమవుద్దనండి."

"ఎవరైనా చదవొద్దని చెప్పారా?"

"లేదండి. ఎవరూ చెప్పలేదు."

"మీరు రాసింది, ఆ సాక్షి చెప్పింది ఒకటి కాదని ఆ రోజు మీకు తెలుసా?"

"తెలుసండి."

గుమాస్తా ఆరు పేజీలు ముద్రించి ఆమె ముందు పెట్టాడు. ఆరో పేజీ అడుగున చదివి వినిపించడమైనది అన్న వాక్యం అచ్చై ఉంది. ఇంకా ఎవరూ చదవలేదు. సువార్తమ్మ పెన్ను తీసుకుని, మళ్లీ కింద పెట్టింది. చదవమంది. గుమాస్తా కమిషనర్ వైపు చూశాడు. కమిషనర్ చదవమన్నారు. ఆమె రెండు చోట్ల దిద్దించి సంతకం చేసింది.

తర్వాత మస్తాన్‌బీని పిలిచారు. వెనక బల్ల మీద కాలనీ నుంచి వచ్చిన ఆరుగురు ఉన్నారు. వాళ్లలో నాగేంద్రం ఉంది. కమిషన్ పంపిన కాగితం అందుకుని వచ్చింది. ముందుగా మార్జిన్ మాటలు వినిపించారు. ట్యాంకరు, బిందె అన్న మాటలు వచ్చినప్పుడు నాగేంద్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చివరి పదిహేడు ఉంగరాలు కూడా వినిపించారు. దండల మాటకు ఈసారి ఎవరూ నవ్వలేదు.

మస్తాన్‌బీ తన మాట మళ్లీ చెప్పింది. 1999లో చెప్పిందే చెప్పింది. చేతిలో ఏం లేదన్న మాట కూడా అలాగే చెప్పింది. గుమాస్తా ఒకటిన్నర పేజీ టైపు చేసి, స్టాంపు ప్యాడు మూత తీశాడు.

"చదవాలి గదా ముందు," అంది మస్తాన్‌బీ.

"చదువుతానమ్మా."

"నువ్వు గాదు."

ఆమె వెనక్కి తిరిగి, తలుపు పక్కన నిలబడి ఉన్న సువార్తమ్మను చూపించింది.

"ఆమె చదవాలి."

అలా చేయించడానికి వీలుందా అని గుమాస్తా అడిగాడు. ఎవరు చదవాలో చట్టంలో లేదని కమిషనర్ చెప్పారు. కాగితం సువార్తమ్మ చేతికి ఇచ్చారు. ఆమె కళ్లజోడు పెట్టుకుంది. మొదటి వాక్యం దగ్గర ఆగిపోయింది. మంచినీళ్లు వద్దంది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. మస్తాన్‌బీ ప్రతి వాక్యానికీ "ఊ" కొడుతూ వింది. చదవడం పూర్తయ్యాక ఎడమ బొటనవేలు ప్యాడు మీద అద్ది, కాగితం మీద వేసింది.

గుమాస్తా రిజిస్టరులో రాసుకున్న ప్రకారం చదవడం మొదలైంది సాయంత్రం 4.26కు. ముగిసింది 4.30కి.